పెద్ద సంఖ్యను విడగొట్టి దాని గుణాలు తేల్చడం ఎలా

పెద్ద పూర్ణాంకం ఒకటి ఇచ్చి దాని గుణాలు చెప్పమంటే చాలామంది ముందు అంకెల మొత్తం కడతారు, తర్వాత వెనక్కి తిప్పి చదువుతారు. అవి మనం పదుల్లో రాసుకునే అలవాటు వల్ల కనిపించే ముచ్చట్లు. అదే సంఖ్యను ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే మాయమైపోతాయి. ఎలా రాసినా మారని గుణాలు వేరే ఉన్నాయి. భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, తనతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు ఎన్ని, రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా అన్నవి అలాంటివి. వీటన్నిటికీ తాళంచెవి ఒక్కటే, ప్రధాన కారణాంకాలు. అవి సరిగ్గా దొరికాక మిగిలింది గుణకారాలే. అవి తప్పయితే కింద రాసే ప్రతి జవాబూ తప్పే. అందుకే శ్రమలో ఎక్కువ భాగం విడగొట్టడం మీదే పెట్టాలి.

పని చేసి చూపడానికి 12,34,56,789 తీసుకుందాం. కాగితం, మామూలు క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

చిన్న ప్రధానాలతో మొదలు

చివరి అంకె 9, కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 45. అది 9తో భాగింపబడుతుంది కనక సంఖ్య కూడా భాగింపబడుతుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. 3కీ 9కీ పనిచేసిన అంకెల మొత్తం 27కూ పనిచేస్తుందనుకుంటారు. పనిచేయదు. 1899 అంకెల మొత్తం 27, కానీ 1899ని 27తో భాగిస్తే 9 మిగులుతుంది. 27 సంగతి తేలాలంటే కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి కూడాలి, ఎందుకంటే 999ని 27 నిశ్శేషంగా భాగిస్తుంది. 123 + 456 + 789 = 1368. దీన్ని 27తో భాగిస్తే శేషం 18. అంటే 9 ఉంది, 27 లేదు. 999 = 27 × 37 కాబట్టి అదే 1368 మీద 37 కూడా చూసేయొచ్చు. శేషం 36, కాబట్టి 37 కూడా లేదు.

7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకు చూడొచ్చు. 7 × 11 × 13 = 1001 కనక, మూడేసి అంకెల గుంపులను ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేయాలి. 789 − 456 + 123 = 456. 455 అంటే 5 × 7 × 13, కాబట్టి 456ను 7తో, 13తో భాగిస్తే శేషం 1. 11తో భాగిస్తే శేషం 5. మూడూ లేవు. ఈ పద్ధతిలో తప్పు వచ్చేది కామాల దగ్గర. మనం కామాలు 12,34,56,789 అని పెడతాం. ఆ కామాలను చూసి 12, 34, 56, 789 అని గుంపులు కడితే లెక్క అంతా పాడు. కామాలు చెరిపేసి కుడి చివర నుంచి మూడేసి అంకెలు మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

దొరికిన 9ని వెంటనే బయటికి తీసేయండి. 12,34,56,789 ÷ 9 = 1,37,17,421. ఇక అసలు సంఖ్య జోలికి వెళ్లొద్దు, మిగిలినదానితోనే పని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా పని తగ్గిస్తుంది. విడిపోయే ఏ సంఖ్యకైనా వర్గమూలం దాటని ప్రధాన కారణాంకం ఒకటైనా ఉంటుంది, కాబట్టి అక్కడిదాకా వెతికితే చాలు. 12,34,56,789 వర్గమూలం సుమారు 11,111. 1,37,17,421 వర్గమూలం సుమారు 3703.7. వెతకాల్సిన హద్దు మూడో వంతుకు పడిపోయింది.

వరసగా భాగించే ముందు ఒక్క నిమిషం

ఇప్పుడు 17, 19, 23 అంటూ 3703 దాకా వరసగా భాగించుకుంటూ పోవచ్చు. కానీ దారిలో ఐదు వందలకు పైగా ప్రధానాలున్నాయి. అంత దూరం వెళ్లే ముందు ఫెర్మా పద్ధతి నాలుగైదు అడుగులు వేసి చూడాలి. ఖర్చు తక్కువ, అదృష్టం ఉంటే లాభం ఎక్కువ.

బేసి సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే, ఆ రెండింటి సగటు వర్గంలోంచి సగం తేడా వర్గం తీసేస్తే ఆ సంఖ్యే వస్తుంది. కాబట్టి వర్గమూలానికి కాస్త పైనున్న పూర్ణాంకంతో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది సంపూర్ణ వర్గమా కాదా అని చూస్తూ పోవాలి.

3704 వర్గం 1,37,19,616. అందులోంచి 1,37,17,421 తీస్తే 2195. ఇది వర్గమా? వర్గమూలం కట్టనక్కర్లేదు. 5తో ముగిసే వర్గం ఎప్పుడూ 25తోనే ముగుస్తుంది. 95తో ముగిసింది, కాబట్టి కాదు.

తర్వాతది 3705. దీని వర్గం మళ్లీ మొదటి నుంచి కట్టొద్దు. వెనకటి శేషానికి 2 × 3704 + 1 కలిపితే చాలు. 2195 + 7409 = 9604. ఇది 98 వర్గం. దొరికింది.

3705 − 98 = 3607. 3705 + 98 = 3803.

కాబట్టి 1,37,17,421 = 3607 × 3803. ఐదు వందల భాగహారాల పని రెండు కూడికల్లో అయిపోయింది. నిజానికి 3704 కూడా ముట్టనక్కర్లేదు. 1,37,17,421ని 4తో భాగిస్తే శేషం 1. అలాంటి సంఖ్యకు సగటు బేసిగానే ఉండాలి. సరి సంఖ్యలన్నీ వదిలేస్తే పని సగమే.

మిగిలింది వర్గమా కాదా అని త్వరగా వడకట్టడానికి చివరి అంకెలు గుర్తుంచుకోండి. వర్గం 2, 3, 7, 8తో ముగియదు. 0తో ముగిస్తే 00 కావాలి, 5తో ముగిస్తే 25 కావాలి. 6తో ముగిస్తే పదుల స్థానంలో బేసి అంకె ఉండాలి. 1, 4, 9తో ముగిస్తే సరి అంకె ఉండాలి. ఈ జల్లెడ దాటినవాటికే వర్గమూలం కట్టండి.

దొరికినవి నిజంగా ప్రధానాలేనా

ఈ మెట్టును తొందరలో దాటేస్తుంటారు. రెండుగా విడిపోయింది కదా అని ఆగిపోతే, ఆ రెండిట్లో ఒకటి మళ్లీ విడిపోయేదై ఉండొచ్చు. 3607 వర్గమూలం 60కి కాస్త పైన, కాబట్టి 59 వరకు ప్రధానాలన్నిటితో భాగించాలి. 59తో భాగిస్తే 8 మిగులుతుంది, 53తో 3, 47తో 35. ఏదీ భాగించదు, ప్రధానమే. 3803 దగ్గర జాగ్రత్త. 61 వర్గం 3721, అది 3803 కంటే తక్కువ. కాబట్టి 61తోనూ భాగించి చూడాలి. రెండూ దగ్గర సంఖ్యలే కదా అని ఇక్కడా 59 దగ్గరే ఆపేస్తే నిరూపణ అసంపూర్ణం. 61 × 62 = 3782, శేషం 21. ఇదీ ప్రధానమే.

తర్వాత లబ్ధం సరిచూడాలి. తొమ్మిదులు కొట్టేసే పద్ధతిలో, అంటే ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కూడుతూ పోతే, 3607 అంకెలు 7కు, 3803 అంకెలు 5కు దిగుతాయి. 7 × 5 = 35, అంటే 8. 1,37,17,421 అంకెల మొత్తం 26, అదీ 8. కుదిరింది. అయితే అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టుకోదు. 3607 బదులు 3670 రాసినా కుదిరిందనే చెబుతుంది. అందుకే 11తోనూ చూడాలి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తే 3607కు 10, 3803కు 8. లబ్ధం 80, 11తో శేషం 3. 1,37,17,421కి −8 వస్తుంది, దానికి 11 కలిపితే అదీ 3. ఇప్పుడు ధైర్యంగా రాసుకోవచ్చు.

12,34,56,789 = 3² × 3607 × 3803

ఇక లెక్కలు

భాజకాల సంఖ్యకు ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి. (2+1)(1+1)(1+1) = 12. అవి 1, 3, 9, 3607, 3803, 10,821, 11,409, 32,463, 34,227, 1,37,17,421, 4,11,52,263, ఇక సంఖ్య తానే. జాబితాలో మొదటిదీ చివరిదీ, రెండోదీ చివరి నుంచి రెండోదీ గుణిస్తే ప్రతిసారీ అదే సంఖ్య రావాలి. ఎక్కడ రాకపోతే అక్కడ తప్పుంది.

భాజకాల మొత్తం (1+3+9) × 3608 × 3804 = 13 × 1,37,24,832 = 17,84,22,816. ఇందులో తరచూ జరిగే తప్పు 9 దగ్గర. 3 రెండుసార్లుంది కదా అని (1+3)(1+3) = 16 వేస్తారు. అలా చేస్తే 3 రెండుసార్లు లెక్కకొస్తుంది. ఘాతాల మొత్తం 13 మాత్రమే. తనను తాను మినహాయిస్తే మిగిలిన భాజకాల మొత్తం 5,49,66,027. ఇది సంఖ్యలో సగం కూడా లేదు, కాబట్టి ఇది న్యూన సంఖ్య, అంటే మిగిలిన భాజకాల మొత్తం తనకంటే తక్కువగా ఉన్న సంఖ్య. పరిపూర్ణ సంఖ్యకు ఇవి రెండూ సమానం కావాలి.

ఆయిలర్ ప్రమేయం విలువకు, అంటే తనకంటే చిన్నవై తనతో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యల లెక్కకు, 9 నుంచి 6, 3607 నుంచి 3606, 3803 నుంచి 3802 తీసుకోవాలి. 6 × 1,37,10,012 = 8,22,60,072. ఇక్కడా 9 దగ్గరే జారతారు. 9 − 1 = 8 కాదు, 2 × 2 = 4 కాదు, 9 − 3 = 6. అంచనాతో సరిచూడటం తేలిక. పెద్ద ప్రధానాల ప్రభావం నామమాత్రం కాబట్టి జవాబు సంఖ్యలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ రావాలి. 8.23 కోట్లు వచ్చింది, సరిపోయింది.

మోబియస్ విలువ (ఏ ప్రధానమూ రెండుసార్లు రాకపోతే +1 లేదా −1, వస్తే 0) ఇక్కడ సున్నా, ఎందుకంటే 9 లాంటి వర్గ కారణాంకం లోపల ఉంది. వేర్వేరు ప్రధానాలు మూడు, పునరావృతంతో కలిపి నాలుగు.

వర్గాల మొత్తంగా రాయగలమా

12,34,56,789ని 4తో భాగిస్తే శేషం 1. శేషం 1 వస్తే రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని సగం గుర్తున్న సూత్రం చెబుతుంది. ఆ మాట ప్రధాన సంఖ్యలకే వర్తిస్తుంది. సంయుక్త సంఖ్యకు నియమం వేరు. 4తో శేషం 3 ఇచ్చే ప్రతి ప్రధానమూ సరి ఘాతంలోనే ఉండాలి. 3 రెండుసార్లుంది, ఫరవాలేదు. 3607కు 4తో శేషం 3, 3803కూ శేషం 3, రెండూ ఒక్కొక్కసారే ఉన్నాయి. కాబట్టి ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఎవరూ రాయలేరు. రెండు 3లు గుణించుకుని 1 అయ్యాయి, పైకి కనిపించకుండా అక్కడ దాక్కున్నాయి.

మూడు వర్గాలకు 8తో శేషం చూడాలి. 4ల ఘాతాలన్నీ తీసేశాక మిగిలింది 8తో శేషం 7 ఇస్తేనే కుదరదు. ఇక్కడ శేషం 5. కుదురుతుంది, చూపించొచ్చు కూడా. 11,111 వర్గం 12,34,54,321. మిగిలేది 2468. అది 4 × 617, 617 = 19² + 16². కాబట్టి 12,34,56,789 = 11,111² + 38² + 32².

వర్గాల తేడాగా అయితే బేసి సంఖ్యకు భాజకాల జత ఒక్కోటి ఒక్కో దారి ఇస్తుంది. పన్నెండు భాజకాలు, ఆరు జతలు, ఆరు దారులు. 10,821 × 11,409 జత నుంచి 11,115² − 294² వస్తుంది. 9 తీయకుండా నేరుగా ఫెర్మా పద్ధతి వేసినా 11,112 నుంచి నాలుగో అడుగులో ఇదే తగిలేది.

అదే పద్ధతి బోల్తా కొట్టే చోటు

అంకెలు తిరగేసిన 98,76,54,321 మీద ఇదే చేద్దాం. 9 తీస్తే 10,97,39,369. ఫెర్మా పద్ధతి 10,476 దగ్గర మొదలవుతుంది, కానీ 1,90,005 దాకా వెళ్తే గాని ఏమీ దొరకదు. అంటే 1,79,530 అడుగులు. కారణాంకాలు ఒకదానికొకటి దూరంగా ఉంటే ఈ పద్ధతి అంత మొండిది. మరోపక్క వరస భాగహారం 17 దగ్గరే పట్టేస్తుంది, 64,55,257 మిగులుతుంది.

ఇక్కడ 17 అయిపోయిందని 19కి వెళ్లిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. దొరికిన ప్రధానంతోనే భాగహారం ఆగేదాకా భాగించాలి. 64,55,257 ÷ 17 = 3,79,721, మళ్లీ నిశ్శేషమే. మూడోసారి 9 మిగులుతుంది. 3,79,721 ప్రధానమని తేలాలంటే 613 వరకు చూడాలి. తేలుతుంది. 98,76,54,321 = 3² × 17² × 3,79,721, భాజకాలు 18. 17కూ 3,79,721కీ 4తో శేషం 1, కాబట్టి ఇది రెండు వర్గాల మొత్తం అవుతుంది. 3,79,721 = 611² + 80², రెండింటినీ 51తో హెచ్చిస్తే 31,161² + 4080².

ఈ రెండు సంఖ్యల గ.సా.భా. కావాలంటే మాత్రం విడగొట్టే పనే లేదు. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే భాగఫలం 8, శేషం 9. చిన్నదాన్ని 9 భాగిస్తుంది. గ.సా.భా. 9, ఒక్క మెట్టులో అయిపోయింది. గ.సా.భా. కోసం ముందు కారణాంకాలు వెతకడం పెద్ద సంఖ్యల దగ్గర వృథా శ్రమ.

కంప్యూటర్ మీద చేసేటప్పుడు

లినక్స్ టెర్మినల్‌లో ఫ్యాక్టర్ అనే కమాండ్ ఉంది, పారి/జీపీ అనే గణిత సాఫ్ట్‌వేర్ ఉంది, పైథాన్‌లో సింపై అనే గణిత లైబ్రరీ ఉంది. ఇవి ఇచ్చే జవాబును నమ్మొచ్చు. నమ్మకూడనిది స్ప్రెడ్‌షీట్. అది 15 అంకెలే ఉంచుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, అదీ ఏమీ చెప్పకుండా. సంఖ్యలను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో (పరిమిత అంకెలనే ఉంచుకునే రూపంలో) నిల్వచేసే ఏ భాషలోనైనా 9007199254740992 దాటితే ఇలాంటిదే జరుగుతుంది. 9007199254740993 అని ఇస్తే చివరి 3 కాస్తా 2 అవుతుంది. బేసి సంఖ్య ఇచ్చాం, 2తో భాగింపబడుతుందని చెబుతుంది!

పైథాన్‌లో ఒంటి గీత భాగహారం దశాంశం ఇస్తుంది, పూర్ణాంకం కావాలంటే జంట గీత వాడాలి. వర్గమూలానికీ పూర్ణాంక వర్గమూలమే వాడాలి, లేకపోతే చాలా పెద్ద సంఖ్యలకు హద్దు తక్కువ పడి, సరిగ్గా ఆ చివరి ప్రధానమే తప్పిపోవచ్చు. 64 బిట్ల పూర్ణాంకాలున్న భాషల్లో సంఖ్య సుమారు 303 కోట్లు దాటాక దాని శేషాలు రెండు గుణిస్తే వచ్చేది ఆ 64 బిట్లలో పట్టకపోవచ్చు, పెట్టె పొంగిపోతుంది. గుణించే చోట 128 బిట్లు వాడండి.

ప్రధానత పరీక్ష, విడగొట్టడం ఒకటి కావు

సంఖ్య ఇరవై అంకెలు దాటాక వరస భాగహారంతో ప్రధానత తేల్చలేం. ఫెర్మా చిన్న సిద్ధాంతం మీద ఆధారపడిన పరీక్ష త్వరగా జరుగుతుంది. 2ను (సంఖ్య − 1) ఘాతానికి ఎత్తి, ఆ సంఖ్యతోనే భాగిస్తే 1 మిగలకపోతే అది ప్రధానం కాదు. మిగిలితే? 341 చూడండి. 2 పదో ఘాతం 1024 = 3 × 341 + 1, శేషం 1. కాబట్టి 340వ ఘాతానికీ శేషం 1. కానీ 341 = 11 × 31. 3తో చేస్తే శేషం 56 వచ్చి దొంగ దొరుకుతాడు. 561 = 3 × 11 × 17 ఇంకా మొండిది. దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో (ఘాతానికి ఎత్తే 2, 3 లాంటి సంఖ్యతో) చేసినా 1 మిగిలిస్తుంది. అందుకే ఇదే పరీక్షను మరింత కట్టుదిట్టం చేసిన మిల్లర్–రాబిన్ పరీక్ష వాడాలి. 321 కోట్ల లోపు సంఖ్యలకు 2, 3, 5, 7 ఆధారాలు నాలుగూ దాటితే అది కచ్చితంగా ప్రధానమే. 64 బిట్ల సంఖ్యలన్నిటికీ 2 నుంచి 37 దాకా ఉన్న పన్నెండు ప్రధానాలు చాలు. ఆ పైన ఇది బలమైన అనుమానమే తప్ప నిరూపణ కాదు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన ఏకేఎస్ పద్ధతి ఏ సంఖ్యకైనా బహుపద కాలంలో, అంటే అంకెలు పెరిగినా సమయం విపరీతంగా పెరిగిపోకుండా, ప్రధానతను నిరూపిస్తుంది. అయితే రోజువారీ పనికి అది నెమ్మది.

విడగొట్టడానికి మామూలు కంప్యూటర్ల మీద అలాంటి దారి ఇప్పటికీ తెలియదు. అందుకే వరస ముఖ్యం. ముందు చిన్న ప్రధానాలు, తర్వాత ఫెర్మా నాలుగడుగులు, ఆ తర్వాత కంప్యూటర్ మీద చేసే పొలార్డ్ రో, పొలార్డ్ పి−1 పద్ధతులు, అవీ కాకపోతే దీర్ఘవృత్త వక్రాల పద్ధతి. పి−1 పద్ధతి ప్రధానంలోంచి ఒకటి తీస్తే చిన్న కారణాంకాలుగా విడిపోయే చోట పనిచేస్తుంది. మన సంఖ్యలో 3606 = 2 × 3 × 601, 3802 = 2 × 1901. ఆ కారణాంకాలు ఎంత పెద్దవి కావచ్చో చెప్పే హద్దు 700 పెడితే 3607 బయటపడుతుంది, 3803 పడదు. హద్దు 2000 పెడితే రెండూ ఒకేసారి పడి గ.సా.భా. మొత్తం సంఖ్యే అయిపోతుంది, ఏమీ విడిపోదు. అలా జరిగితే హద్దు తగ్గించాలి, చాలామంది పెంచుతారు.

విడగొట్టమని సవాలుగా ఇచ్చిన 250 అంకెల సంఖ్య ఆర్‌ఎస్‌ఏ-250ని 2020 ఫిబ్రవరిలో విడగొట్టారు. సంఖ్యాక్షేత్ర జల్లెడ అనే పద్ధతి వేసి, ఎన్నో కంప్యూటర్లు కలిస్తేనే అది అయింది. మీ దగ్గర అంత పెద్దది ఉండి కారణాంకాలు దొరకకపోతే, "సంయుక్తం, కారణాంకాలు తెలియవు" అని రాసి పక్కన పెట్టడం తప్పేమీ కాదు. 2 అరవై ఏడో ఘాతంలోంచి 1 తీసిన సంఖ్య ప్రధానం కాదని గణితవేత్త లూకాస్ 1876లోనే చూపాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని మరో గణితవేత్త కోల్ చూపేసరికి 1903 వచ్చింది.